కాలు గిన్నె కాదు

రాయడానికి చేతినీ, నిలబడడానికి కాలినీ నాకు మిగిల్చిన అల్లాహ్‌కు ముందుగా నా స్తుతి. నా ఒంట్లో నేను చూడని చోటును చూసినవాడు ఆయనే. నేను నోరు మూసుకున్నప్పుడు కూడా నా లోపలిది విన్నవాడు ఆయనే. ఆయన ప్రవక్త మీద శాంతి కురియుగాక. ఇచ్చినా ఆయన దయే, తీసుకున్నా ఆయన దయే అని ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూ వచ్చాను. చెప్పడం తేలిక. ఈ ఏడాది ఆ పాఠం నాకే అప్పజెప్పాల్సి వచ్చింది.

మాది తిరువూరు. సాయంత్రం నమాజు అయ్యాక మా వసారాలో పిల్లలకు అరబీ అక్షరాలు, నమాజు పద్ధతి, శుభ్రత నియమాలు నేర్పుతాను. పిల్లలూ వాళ్ళ తల్లులూ అందరూ నన్ను ఆపా, అంటే అక్కా, అంటారు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. మా ఆయన ఖాసిం బస్సు డ్రైవరు, తిరువూరు నుంచి విజయవాడకు రోజుకు రెండు ట్రిప్పులు. ఒక్కతే కూతురు షబానా, రెడ్డిగూడెంలో కాపురం. ఈ ముగ్గురం, ఒక ముసలి కుక్క, నా కుడికాలు. ఇదంతా మా కథే.

జరిగి నాలుగు నెలలు దాటింది. ఇప్పటికీ పొద్దున లేచి కాలు కిందపెట్టే ముందు ఒక్క క్షణం ఆగిపోతాను. అది నిజంగా జరిగిందా అని.

రంజాన్‌కు నెల ముందు

ఒకరోజు మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ దిగి కూరగాయల బుట్ట ఒకటి పట్టుకుని వచ్చారు. బుట్ట మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏంటండీ అది?"

"టికెట్టు."

"టికెట్టేంటి?"

"దాని పేరు. విజయవాడ నుంచి టికెట్టు లేకుండా వచ్చింది కదా, మా కండక్టరు పెట్టాడు."

తువ్వాలు తీస్తే తెల్లటి బొచ్చుకుక్క. పిల్లేమో అనుకున్నాను, అంత చిన్నది. తల ఎత్తితే తెలిసింది, ముసలిది. ఒక కన్ను మీద పాలమీగడ లాంటి పొర. నోరంతా కలిపి నాలుగే పళ్ళు. ఎవరో బస్సులో చివరి సీటు కింద ఆ బుట్ట పెట్టి దిగిపోయారట. తొమ్మిది రోజులు డిపోలో ఉంచి చూశారు, ఎవరూ రాలేదు. పశువుల డాక్టరు చూసి పదీ పన్నెండేళ్ళు ఉంటాయని చెప్పాడట.

"ముసలిదైందని వదిలించుకున్నట్టున్నారే," అన్నారు మా ఆయన.

"అయితే మనం తెచ్చుకోవాలా? పిల్లలు పాఠానికొచ్చే ఇల్లండీ ఇది. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని నేనే చెప్తాను వాళ్ళకి."

"ఇంట్లోకి రాదు. వసారా దాటదు. దాహంతో చచ్చిపోతున్న కుక్కకి ఎవరో బావిలోకి దిగి బూటుతో నీళ్ళు తెచ్చిచ్చాడనీ, ఆ ఒక్క పనికే అతని పాపాలన్నీ పోయాయనీ చెప్పేది కూడా నువ్వేగా?"

"అతను దాన్ని ఇంటికి తెచ్చుకోలేదు."

"తెచ్చుకోలేదని నీకెవరు చెప్పారు?"

 వసారా మూల సైకిలు పక్కన గోనెపట్టా వేశాను. సొట్టపడ్డ అల్యూమినియం గిన్నె ఒకటి దానికని విడిగా పెట్టాను. ఆ గిన్నె వంటింటి గుమ్మం దాటకూడదు, కుక్క మా గుమ్మం దాటకూడదు. రెండింటికీ అదే చట్టం.

టికెట్టు గోల చేసే రకం కాదు. రోజంతా పడుకునేది. నేను పాఠం చెబుతుంటే మాత్రం చెవులు నిలబెట్టి వినేది. పెద్ద బడిపిల్లలా ఉందని పిల్లలు నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. నవ్వితే చనువు పెరుగుతుందని భయం.

రంజాన్ చివరి పది రోజులు

అప్పుడు మొదలుపెట్టింది నా కాలు నాకడం.

నేను వసారాలో మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే నెమ్మదిగా వచ్చి కుడి అరికాలు దగ్గర మూతి పెట్టేది. ఎడమకాలి జోలికి వెళ్ళేది కాదు. బొటనవేలి కింద ఒక్క చోటే. తరిమితే వెళ్ళి మళ్ళీ వచ్చేది. నా పాదాలకు స్పర్శ తగ్గి రెండేళ్ళయింది. వేణ్ణీళ్ళా చన్నీళ్ళా అన్నది చేత్తో ముట్టుకుంటే తప్ప తెలియదు. అందుకని అది ఎప్పుడు నాకిందో నాకు చూస్తేనే తెలిసేది.

ప్రార్థనకు నిలబడే కాలు. కుక్క ఎంగిలి తగిలిన కాలు. నాకు తెలిసిన నియమం ఒకటుంది: కుక్క మూతి పెట్టినదాన్ని ఏడుసార్లు కడగాలి, మొదటిసారి మట్టితో రుద్దాలి. పెరట్లో జామచెట్టు కింది మట్టి జల్లించి ఒక డబ్బాలో పోసుకున్నాను. అది నాకిన ప్రతిసారీ కుళాయి దగ్గర పీట వేసుకుని, అరికాలంతా మట్టితో గట్టిగా రుద్ది, ఏడు చెంబుల నీళ్ళు లెక్కపెట్టి పోసుకునేదాన్ని. మోకాళ్ళు వంగవు కాబట్టి అరికాలు నాకు కనపడదు. చేత్తో తడుముతూ రుద్దేదాన్ని. రోజుకు మూడుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు.

మా ఆయన చూసి ఒకసారి అన్నారు: "ఆ కాలు అరిగిపోతుందే."

"అరిగితే అరగనీండి. పాక్‌గా, శుద్ధంగా అరుగుతుంది."

అలా అన్నది నేనే. 

పండగ తర్వాత రెండో శనివారం

ఆ వారమంతా ఒళ్ళు వెచ్చగానే ఉంది. ఉపవాసాల నీరసం అనుకున్నాను. వసారాలో ఏదో వాసన వస్తోంది. కుక్క వాసన అనుకుని దాన్ని రెండుసార్లు సబ్బుతో రుద్ది స్నానం చేయించాను. ఆ వాసన నాదని అల్లాహ్ సాక్షిగా నాకు తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం నమాజయ్యాక మంచం మీద పడుకున్నాను. చలిజ్వరంతో మాగన్నుగా నిద్రపట్టింది. మెలకువ వచ్చేసరికి కాళ్ళ దగ్గర టికెట్టు. తెల్లటి మూతంతా ఎర్రగా ఉంది. దుప్పటి మీద రక్తం. నా బొటనవేలి దగ్గర రక్తం. ఉన్న ఆ నాలుగు పళ్ళతోనే అది నా కాలిని కొరుకుతోంది.

పక్కనున్న ఇత్తడి చెంబు తీసుకుని విసిరాను. నడుం మీద తగిలింది. అది అరవలేదు. కింద పడింది, లేవబోయి మళ్ళీ పడింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ సైకిలు వెనక్కి పోయింది.

అప్పుడు నా కాలి వంక చూసుకున్నాను. కుక్క కాలు కొరికితే మనిషి కేక వేస్తుంది కదా. నేను నొప్పి ఎక్కడుందా అని వెతుక్కున్నాను. నొప్పి లేదు. రక్తం కారుతోంది, కాలు నాదే, నాకు ఏమీ తెలియడం లేదు. ఆ రోజు నేను చూసిన అన్నిటిలోకీ నన్ను భయపెట్టింది అదే.

షబానా ఆ పూట మా ఇంటికే వస్తోంది. గుమ్మంలో అడుగుపెడుతూనే చూసింది. వెంటనే ఆటో పిలిచింది. ఊళ్ళో ఆస్పత్రిలో కుక్కకాటు సూదులు వేశారు. డాక్టరు దూదితో తుడిచి, వంగి, చాలాసేపు చూశాడు.

"ఇది కుక్క కరవడం వల్ల వచ్చింది కాదమ్మా. పంటి గాట్లు పైపైన ఉన్నాయి. లోపలిది పాతది."

పట్టకారుతో ఏదో లాగి గాజుపలక మీద పెట్టాడు. తుమ్మముల్లు, గోరంత. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు.

షబానా ఫోనుతో నా అరికాలి ఫోటో తీసి చూపించింది. బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత గుంట, చుట్టూ నలుపు.

"ఎవరి కాలే ఇది?" అన్నాను.

షబానా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీదే అమ్మీ."

రోజుకు ఐదుసార్లు నమాజు కోసం కడుక్కునే కాలు. అంత కడిగే మనిషికి అంత పుండు తెలియకపోవడం ఎలా అని డాక్టరు అడగలేదు. ఆయన ముఖంలో ఆ ప్రశ్న నాకే కనిపించింది. సాయంత్రంలోగా విజయవాడ తీసుకెళ్ళమన్నాడు.

విజయవాడలో పదకొండు రోజులు

ఆ ఆస్పత్రి వరండాలో ఇనప కుర్చీల వరస ఒకటి ఉంటుంది. కాలికి కట్టుతో ఉన్నవాళ్ళందరం అక్కడే. కొందరికి కట్టు పాదం దగ్గర, కొందరికి మోకాలి దగ్గర. ఎవరి పేరు పిలిచినా అందరం ఒకేసారి తలెత్తేవాళ్ళం. నేను జపమాల తిప్పుతూ మోకాలి దాకా కట్టున్నవాళ్ళ వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించేదాన్ని.

సర్జన్ ఒక డాక్టరమ్మ. మొదటిరోజే దాచకుండా చెప్పింది. "మూడు నాలుగు రోజులు చూద్దాం. చీము పైకి పాకకపోతే పాదం నిలబడుతుంది. పాకితే మోకాలి కింద తీసెయ్యాలి." తర్వాత అడిగింది: "దీనికి మీరేమైనా రాశారా అమ్మా? ఆకుపసరు, పేడ, మట్టి, ఏదైనా?"

"లేదండీ," అన్నాను. "శుభ్రంగా కడుక్కునేదాన్ని."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నా వంక చూశారు. 

అబద్ధం చెప్పకూడదని నేర్పే నోటితో చెప్పాను ఆ అబద్ధం. నాలుగు రోజులు దాని మీద ఇంకో అబద్ధం పేరుకుంటూ పోయింది. షబానా వచ్చినవాళ్ళందరికీ కుక్క వల్లే అని చెబుతోంది. నేను వింటూ కళ్ళు మూసుకునేదాన్ని.

"అబ్బా, దాన్ని ఎక్కడైనా దింపేసి రండి," అంది ఒకరోజు వాళ్ళ నాన్నతో. "మీకెలాగూ బస్సుంది."

"ఎక్కడ దింపను?"

"అది ఎక్కిన ఊళ్ళోనే. ఇక్కడే విజయవాడలో వదిలెయ్యండి. అమ్మీ కాలు తినేసింది, ఇంకా ఏం చూడాలి?"

"అదిప్పుడు నడవట్లేదు షబానా. నడుం పడిపోయింది."

"మరీ మంచిది. వెతుక్కుంటూ రాదు."

నా కూతురు కఠినురాలు కాదు. భయంలో ఉంది. భయానికి కోపగించుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి నేనని చెప్పాల్సినదాన్ని నేనే, పడుకుని గోడ వైపు తిరిగాను.

ఆ వార్డు ఊడ్చే ఆమె పేరు సుగుణమ్మ. కట్టు విప్పే వేళకు పక్క మంచాల వాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునేవారు, నా కూతురితో సహా. సుగుణమ్మ మాత్రం కింద పడిన దూది ఏరుతూ, "ఇవాళ కాస్త నయంగా ఉంది పిన్నిగారూ," అనేది, బాగోకపోయినా. ఒకసారి చీము చారలు కట్టిన నా మడమను తడిగుడ్డతో తుడిచింది. అది ఆమె పని కాదు. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో పాకీ అంటే పరిశుద్ధత. తెలుగులో ఆ మాటే ఎవరి పనికి పేరుగా అంటగట్టారో మీకు తెలుసు. చిన్నప్పుడు బళ్ళో ఆ మాట అని నవ్వులపాలై ఇంటికొచ్చి ఏడ్చాను. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డాక, ఆమె చేతి కింద నా మడమ పెట్టుకుని, ఆ రెండు అర్థాలూ ఒకే మనిషిలో చూశాను. సిగ్గుపడాల్సింది ఆమె కాదు, నేనూ కాదు, నవ్వినవాళ్ళు.

ఐదోరోజుకు జ్వరం తగ్గలేదు. నలుపు చీలమండ వైపు ఒక వేలెడు పాకింది. డాక్టరమ్మ పెన్నుతో దాని అంచు గీసి వెళ్ళింది. షబానా మందులకు కిందికి వెళ్ళినప్పుడు మా ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"నేను చెప్పనా, నువ్వు చెప్తావా?"

"ఏంటి?"

"జామచెట్టు కింది మట్టి."

 "చెప్తే ఏమంటారండీ? మతం పిచ్చితో కాలు పోగొట్టుకుంది అంటారు. ధర్మాన్ని ఆడిపోసుకుంటారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పింది ఇదేనా అంటారు."

"ధర్మాన్ని నువ్వు కాపాడక్కర్లేదే. దాన్ని కాపాడేవాడు వేరే ఉన్నాడు. నువ్వు కాలు చూసుకో."

"నేను చేసింది నియమమే కదండీ?"

ఆయన మా మసీదు ఇమాం సాబ్‌కు ఫోను కలిపి నా చెవి దగ్గర పెట్టారు. మట్టి సంగతి మొత్తం చెప్పాను. 

"ఆపా," అన్నారు ఇమాం సాబ్, "ఆ మాట గిన్నె గురించమ్మా. కుక్క మూతి పెట్టిన గిన్నె. కాలు గిన్నె కాదు."

"మరి కాలికి తగిలితే?"

"మామూలుగా కడుక్కుంటే సరిపోయేది. పుండుంటే అసలు నీళ్ళే తగలనివ్వకుండా కట్టు మీద తడిచేత్తో నిమిరితే చాలన్న ధర్మం మనది. అదే ధర్మం పుండులో మట్టి కుక్కమంటుందా?"

"పుండుందని నాకు తెలియదు సాబ్."

"తెలియకపోవడం తప్పు కాదమ్మా. ఇప్పుడు తెలిసింది కదా. డాక్టరుకి చెప్పారా?"

నేను మాట్లాడలేదు. ఆయనకు అర్థమైంది. "మీరు చెప్పేదాకా నేను ఫోను పట్టుకునే కూర్చుంటాను," అన్నారు.

కాసేపట్లో డాక్టరమ్మ రౌండుకు వచ్చింది. షబానా కూడా మందులు తీసుకుని వచ్చేసింది. ఇద్దరి ముందూ చెప్పాను. మట్టి, ఏడు చెంబులు, రోజుకు మూడు నాలుగుసార్లు, ఇరవై రోజులు. కుక్క కరవకముందే అంతా అయిపోయిందని కూడా చెప్పాను.

డాక్టరమ్మ తిట్టలేదు. రాసుకుంది. "ఈ మాట మొదటిరోజు చెప్పుంటే బాగుండేదమ్మా. మట్టిలో ఉండే క్రిములకి మందు వేరు," అంది. ఆ సాయంత్రమే సూదిమందు మార్చారు. మర్నాడు పొద్దున పుండు మళ్ళీ తెరిచి లోపలంతా కడిగారు. బొటనవేలు, పక్కవేలు తీసేశారు. మూడోరోజుకు జ్వరం దిగింది. పెన్ను గీత దాటి నలుపు పాకలేదు. పాదం నిలబడింది.

షబానా అప్పటిదాకా నాతో సరిగా మాట్లాడలేదు. డాక్టరమ్మను అడిగింది: "మరి కుక్క ఎందుకు కొరికిందండీ?"

"చచ్చిపోయిన కండ వాసనకి కొరికి ఉంటుంది. అది మీ అమ్మగారికి వైద్యం చేసిందనుకోవద్దు. నాకడం, కొరకడం రెండూ ప్రమాదమే. పుండు దగ్గరికి జంతువుని రానివ్వకూడదు." గ్లౌజులు తీసేస్తూ ఆగింది. "కానీ ఆ రోజు రక్తం కనపడింది కాబట్టి వచ్చారు. లేకపోతే ఇంకో వారం కడుక్కుంటూనే ఉండేవారు. అప్పుడు పాదం గురించి కాదు, ప్రాణం గురించి మాట్లాడుకునేవాళ్ళం."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో అలాగే ఉంది.

ఇంటికి వచ్చాక

మామిడికాయ లారీలు తిరుగుతున్న రోజుల్లో ఇంటికొచ్చాను. టికెట్టును మా ఆయన ఎక్కడా దింపలేదు. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు దాన్ని బుట్టలో పెట్టుకుని డిపోలో అప్పగించి, వచ్చేటప్పుడు తెచ్చుకునేవారట.

నన్ను చూసి అది సైకిలు వెనక్కి వెళ్ళింది. ఎడమ వెనక కాలు నేలకు ఆనడం లేదు. పశువుల ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను, చేతికర్రతో, ఆటోలో. చెంబు దెబ్బకు తుంటి జారిందనీ, ఈ వయసులో ఆపరేషను తట్టుకోలేదనీ, నొప్పికి మందు మాత్రం ఇవ్వగలమనీ చెప్పారు. కాంపౌండరు రిజిస్టరు తీసి, "కుక్క ఎవరిదండీ?" అన్నాడు. మా ఆయన నోరు తెరిచేలోపు, "నాదే," అన్నాను. "దెబ్బ ఎలా తగిలింది?" అన్నాడు. అది కూడా చెప్పాను. ఇక దేన్నీ దాచే ఓపిక నాకు లేదు.

మా వసారాలో మళ్ళీ పాఠం మొదలుపెట్టిన రోజు తల్లుల్ని కూడా కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. ఇద్దరు పిల్లలు ఆ మర్నాటి నుంచి రావడం మానేశారు. మిగతావాళ్ళు వస్తున్నారు. ఒక తల్లి ఆ సాయంత్రమే వాళ్ళ అత్తగారి అరికాళ్ళు చూపించడానికి తీసుకొచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళకు ఒక్కటే చెబుతున్నాను. కాళ్ళు కడుక్కోవడం వేరు, చూసుకోవడం వేరు. రోజూ చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. మా ఇంట్లో మా ఆయన పొద్దున టీ తాగాక నా పాదాలు ఒడిలో పెట్టుకుని చూస్తారు. "టైర్లు చెక్ చెయ్యకుండా బండి తియ్యకూడదు," అంటారు. నాకు ముందు సిగ్గుగా ఉండేది. ఇప్పుడు లేదు.

నమాజు కుర్చీలో కూర్చుని చేస్తున్నాను. నిలబడే రోజు వస్తుందని డాక్టరమ్మ అంటోంది.

టికెట్టు మాత్రం నా దగ్గరికి రావడం లేదు. అన్నం నేను పెడితే నేను దూరం వెళ్ళేదాకా ఆగి, అప్పుడు కుంటుతూ వచ్చి తింటుంది. చెంబు చప్పుడైతే కళ్ళు మూసుకుంటుంది. మనిషికి అన్యాయం చేస్తే వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమని అడగొచ్చు. దీన్ని ఏ భాషలో అడగాలో ఏ గురువూ నాకు నేర్పలేదు. అల్లాహ్ మాత్రం లెక్క అడిగే రోజున జంతువులకు కూడా న్యాయం చేస్తాడని నేను చదువుకున్నాను. కొమ్ములున్న మేక పొడిస్తే కొమ్ముల్లేని మేక తరఫున కూడా ఆయన అడుగుతాడు.

అందుకని ఇది చదువుతున్న మీరు, ఏ పేరుతో ఆయన్ని పిలిచేవారైనా సరే, ఒక్క నిమిషం నాతో పాటు చేతులెత్తండి. స్పర్శ లేని పాదాలతో నడుస్తున్న వాళ్ళందరి పాదాలనూ వాళ్ళకు చూపించమని అడగండి. ఆ ఇనప కుర్చీల వరసలో ఇవాళ కూర్చున్నవాళ్ళ కోసం అడగండి. నా కోసం కూడా ఒక్కటి అడగండి. ఈ ముసలి జీవికి మిగిలిన రోజుల్లో ఒక్కసారైనా నా చేయి చూసి భయపడకుండా నిలబడే మనసు ఇవ్వమని. అది ఇక్కడ జరగకపోతే, రేపు ఆయన కుంటుకుంటూ వచ్చిన మమ్మల్నిద్దర్నీ తన ముందు నిలబెట్టి, ఈమె నిన్నేం చేసిందని దాన్ని అడిగినప్పుడు, అది నా మీద ఏమీ చెప్పకుండా ఉండాలని. ఆమీన్ అనండి.